వెడ్జ్ సలాడ్ మీద డ్రెసింగ్ నిలబడటం లేదు, ఇంట్లో మీరెలా చేస్తారు?

తీరిక_వంట

శనివారం రాత్రి మా ఇంటికి ఎనిమిది మంది భోజనానికి వస్తున్నారు. అసలు వంట మా ఆయన చూసుకుంటున్నారు, ముందు పెట్టే సలాడ్ నా వంతు. ఐస్‌బర్గ్ లెట్యూస్ గడ్డని నిలువుగా పెద్ద ముక్కలు కోసి, మీద బ్లూ చీజ్ డ్రెసింగ్ వేసి, కరకరలాడే బేకన్ తునకలు చల్లే వెడ్జ్ సలాడ్ పెడదామనుకున్నాను. చూడటానికి దర్జాగా ఉంటుంది, పొయ్యి దగ్గర పెద్దగా పనుండదు.

సీసాలో దొరికే డ్రెసింగ్ నాకొద్దు. అందులో చీజ్ పేరుకే ఉంటుంది, తీపి మాత్రం నోట్లోంచి పోదు. అందుకని ఇంట్లోనే కలుపుతున్నాను. మయోనైజ్, సోర్ క్రీమ్, బ్లూ చీజ్, కొంచెం పాలు, నిమ్మరసం. రుచికి వంక లేదు. బాధల్లా ఏంటంటే, ముక్క మీద వేయగానే జర్రున జారిపోయి ప్లేటు అడుగున మడుగు కడుతోంది. పై ఆకు చప్పగా ఉంటుంది, కింది ఆకు నానిపోతుంది. రెస్టారెంట్లలో అది ముక్క మీదే కదలకుండా ఎలా కూర్చుంటుందో నాకు అంతుపట్టడం లేదు. కార్న్‌ఫ్లోర్ లాంటిదేమైనా కలుపుతారా?

ఇంకో చిక్కు. వచ్చేవాళ్లలో ఒకరు గుడ్డు, మాంసం ముట్టరు. ఒకరు ఆరో నెల గర్భిణి. ఒకాయనకి బ్లూ చీజ్ వాసనంటేనే పడదు. ముగ్గురికీ మూడు రకాలు చేసే ఓపిక నాకు లేదు. రెండు రకాలైతే సరే, చేస్తాను. ఎంత ముందుగా చేసి పెట్టుకోవచ్చో కూడా చెప్పండి.

---

చల్లని_వంటిల్లు

కార్న్‌ఫ్లోర్ జోలికి పోకండి. ముందు ఆకు సంగతి చూడండి.

నేను హోటల్ కోల్డ్ కిచెన్‌లో చాలాకాలం పనిచేశాను. సలాడ్లు, సాస్‌లు, చల్లగా వడ్డించేవన్నీ తయారయ్యే చోటు అది. కొత్తగా చేరినవాళ్లకి అక్కడ ముందు నేర్పేది ఆకు ఆరబెట్టడం. డ్రెసింగ్ తర్వాతి సంగతి. ఐస్‌బర్గ్‌లో నూటికి 95 పాళ్లు నీళ్లే, అవి ఆకు లోపలి నీళ్లు, వాటితో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మనం కడిగినప్పుడు పొరల మధ్య చేరి కూర్చునే నీళ్లతో. తడి ఆకుకి మయోనైజ్ అంటుకోదు. జారిపోతూ దారిలో ఆ నీళ్లని కూడా కలుపుకుని ఇంకా పల్చబడుతుంది. మీ ప్లేటులో మడుగు సగం అదే.

గడ్డ కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి. సైజుకి తగ్గ బరువుండాలి, నొక్కితే కాస్త లొంగాలి. రాయిలా గట్టిగా ఉన్నదాన్ని వదిలేయండి. దాని పొరల మధ్య సందు ఉండదు, డ్రెసింగ్ పైపైనే ఉండిపోతుంది, లోపలికి దిగదు. ఎనిమిది మందికి రెండు గడ్డలు చాలు, ఒక్కోటి నాలుగు ముక్కలు.

పైనున్న రెండు మూడు ఆకులు తీసేయండి. తొడిమ చివర ఎర్రబడిన చోట పల్చగా చెక్కండి, అంతే. తొడిమ మొత్తం ఊడబీకితే ముక్క చేతిలోనే విచ్చిపోతుంది, ఆకులన్నిటినీ పట్టి ఉంచేది అదే. తొడిమ మధ్యగా కత్తి దింపి రెండు చెక్కలు చేసి, ఒక్కో చెక్కని మళ్లీ తొడిమ మీదుగానే కోయండి. ముక్కల్ని ఐసు వేసిన నీళ్లలో పది నిమిషాలు ముంచి తీసి, కోసిన వైపు కిందకి ఉండేలా చిల్లుల గిన్నెలో నిలబెట్టండి. ధార ఆగాక పొడి గుడ్డ పరిచిన ట్రేలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. గంట చాలు, రెండు గంటలైతే మరీ మంచిది. తీసి చూస్తే గుడ్డ తడిసి ఉంటుంది. ఆ తడంతా మీ డ్రెసింగ్‌లో కలవాల్సిందే.

ఇప్పుడు డ్రెసింగ్. ఎనిమిది మందికి నా లెక్క ఇది: బ్లూ చీజ్ 200 గ్రాములు, మయోనైజ్ ఒక కప్పు, సోర్ క్రీమ్ అర కప్పు, బటర్‌మిల్క్ పావు కప్పు, నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, వోర్సెస్టర్‌షైర్ సాస్ ఒక టీస్పూన్, చిన్న వెల్లుల్లి రెబ్బ ఒకటి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. ఉప్పు మాట ఇప్పుడే ఎత్తకండి.

వెల్లుల్లిని సన్నగా తురిమి నిమ్మరసంలో వేసి పది నిమిషాలు వదిలేయండి. ఘాటు పుట్టించే ఎంజైమ్‌ని పులుపు అణిచేస్తుంది, మర్నాటిదాకా నోట్లో ఉండే ఆ పచ్చి వాసన రాదు. ఈలోగా చీజ్‌ని రెండు భాగాలు చేయండి. ఒక సగాన్ని సోర్ క్రీమ్‌లో వేసి ఫోర్కుతో మెత్తగా మెదపండి, గడ్డలు కనబడకూడదు. డ్రెసింగ్ మొత్తానికి రుచి పట్టించేది ఈ సగం. అందులోనే మయోనైజ్, వెల్లుల్లి నిమ్మరసం, సాస్, మిరియాలు కలపండి. రెండో సగాన్ని బఠాణీ గింజంత ముక్కలుగా చిదిపి, ఆఖర్న గరిటెతో రెండు మూడు తిప్పులు తిప్పి వదిలేయండి. పంటికి తగలాల్సింది ఇది. అన్నీ కలిపి మిక్సీలో వేశారంటే ఈ రెండూ పోతాయి, రంగు కూడా బూడిదలోకి తిరుగుతుంది.

బటర్‌మిల్క్ ఒకేసారి కుమ్మరించకండి. సగం పోసి, గిన్నె మూసి, ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టండి. చల్లబడేకొద్దీ అది గట్టిపడుతుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. కలిపిన వెంటనే గట్టిగా ఉందని పాలు పోస్తారు, సరిగ్గా ఉందనుకుని ఫ్రిజ్‌లో పెడతారు, తీరా వడ్డించే వేళకి ముద్దయిపోయిందని ఇంకొన్ని పాలు పోస్తారు. చల్లారాక ఒక్కసారే సరిచేసుకోండి. గరిటె నిండా తీసి వంచితే ధార కట్టకూడదు, ముద్దగా ఊడి గిన్నెలో పడి ఒక్క క్షణం ఆకారం నిలుపుకుని, ఆ తర్వాత పరుచుకోవాలి. వెడ్జ్‌కి కావాల్సిన చిక్కదనం అదే. మామూలు కలిపిన సలాడ్‌కి ఇది మరీ చిక్కన, దానికైతే ఇంకాస్త బటర్‌మిల్క్ పడుతుంది.

ఉప్పు అప్పుడు చూడండి. చాలాసార్లు అవసరమే పడదు.

మీరు పోస్తున్న మామూలు పాలు మానేయండి. పల్చబరచడం తప్ప వాటితో ఒరిగేదేం లేదు. బటర్‌మిల్క్ దొరక్కపోతే పావు కప్పు పాలలో ముప్పావు టీస్పూన్ నిమ్మరసం పిండి పది నిమిషాలు ఉంచండి. సోర్ క్రీమ్ మీద 'లైట్' అని ఉంటే అది కూడా వద్దు. కొవ్వు తగ్గిన కొద్దీ నీళ్లు ఊరుతాయి.

---

ఏదీ_వదలను

పై ఆయన చెప్పిందంతా బాగుంది గానీ, ఏ బ్లూ చీజో చెప్పలేదు. తేడా అంతా అక్కడే ఉంది కదండీ.

రోక్‌ఫోర్ట్ గొర్రె పాలతో చేస్తారు, అదీ పచ్చి పాలతో. ఫ్రాన్స్‌లో రోక్‌ఫోర్ట్-సుర్-సుల్జోన్ అనే ఊరి గుహల్లో మాగపెట్టిందానికే ఆ పేరు చెల్లుతుంది. 1925లోనే ఆ పేరుకి చట్టం రక్షణ వచ్చింది. రుచి పదునుగా ఉంటుంది, ఉప్పు బాగా తగులుతుంది. డానిష్ బ్లూ ఆవు పాలది, అదీ ఉప్పనే, డ్రెసింగ్‌లో సులువుగా కలుస్తుంది. గోర్గోంజోలాలో 'డోల్చె' రకం మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. మెదపడానికి హాయి, చిదిపితే మాత్రం వేళ్లకి అంటుకుంటుంది. స్టిల్టన్ గట్టిగా, పొడిపొడిగా రాలుతుంది, వెన్న వాసన. మొదటిసారి బ్లూ చీజ్ తినేవాళ్లుంటే నేను స్టిల్టన్ వైపే వెళ్తాను. మరీ మీద పడదు.

చిదిపి డబ్బాల్లో అమ్మేది కొనకండి. ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా దానికి పిండో, సెల్యులోజో పూస్తారు. డ్రెసింగ్ నాలుక మీద ఇసుక తగిలినట్టు ఉంటుంది. ముక్క కొనుక్కుని, చిదిపే ముందు పావుగంట ఫ్రీజర్‌లో పెడితే ఎంత మెత్తటిదైనా చక్కగా రాలుతుంది.

మయోనైజ్ మాత్రం నేను వేయను. బరువు. వడకట్టిన పెరుగు ఒకటిన్నర కప్పులు, దాంట్లో 2 టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె. నాకు చాలు.

---

చల్లని_వంటిల్లు

పెరుగుతో బాగుండదని అనను. కానీ పెరుగులో పులుపు ఉంటుంది, బ్లూ చీజ్‌లోనూ ఉంటుంది, మళ్లీ నిమ్మరసం. మూడు పులుపుల మధ్య సర్దిచెప్పే కొవ్వు కావాలి. మీరు ఆలివ్ నూనె పోస్తున్నది అందుకే, మయోనైజ్‌ని పక్క గుమ్మంలోంచి లోపలికి రానిస్తున్నారు. పెరుగుతో చేసేవాళ్లు నిమ్మరసం సగానికి తగ్గించండి.

చీజ్ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం.

---

పచ్చసొన_వద్దు

గుడ్డు తినని అతిథి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను.

మా ఇంట్లో గుడ్డు లేదు, మయోనైజ్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది. పాలతో చేస్తాం. 100 మిల్లీలీటర్ల చిక్కటి పాలు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి. 200 మిల్లీలీటర్ల వాసన లేని నూనె. ఒక టీస్పూన్ మస్టర్డ్, అర టీస్పూన్ ఉప్పు. హ్యాండ్ బ్లెండర్ తల పట్టేంత సన్నటి, పొడవాటి జగ్గులో ముందు పాలు, మస్టర్డ్, ఉప్పు వేసి, మీద నూనె మెల్లగా పోయండి. నూనె పైన తేలుతుంది, కదపకండి. బ్లెండర్ని అడుగుకంటా దింపి, అక్కడే నొక్కి పట్టుకుని ఆన్ చేయండి. అడుగునుంచి తెల్లటి మేఘంలా పైకి లేస్తుంది. బ్లెండర్ చుట్టూ గట్టిపడ్డాక, అప్పుడు నెమ్మదిగా పైకి లాగండి. ఆఖర్న ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం వేసి ఇంకొక్క తిప్పు తిప్పితే బిగుసుకుంటుంది. గుడ్డులో పచ్చసొన చేసే పనిని ఇక్కడ పాల ప్రోటీన్ చేస్తుంది. పులుపు తగిలితే ఆ ప్రోటీన్ ఇంకాస్త చిక్కబడుతుంది, అందుకే నిమ్మరసం చివర్న.

నూనెగా ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ వాడకండి. బ్లెండర్ బ్లేడు కింద అది చేదెక్కుతుంది. పొద్దుతిరుగుడు నూనె చాలు.

ఇంకో రెండు మాటలు. మీ అతిథి మాంసం కూడా ముట్టరంటున్నారు కదా. మామూలు వోర్సెస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి. అవి లేని రకం దొరుకుతుంది, లేబుల్ చదవండి. చీజ్ సంగతీ అంతే. రోక్‌ఫోర్ట్, గోర్గోంజోలా లాంటి సంప్రదాయ చీజ్‌లకి పాలని జంతువుల కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో విరగ్గొడతారు. 'వెజిటేరియన్ రెన్నెట్' అని రాసి ఉంటేనే వాళ్లకి పెట్టండి. పాపం వాళ్లకి తెలియకుండా తినిపించి, మర్నాడు చెప్పడం కన్నా ఘోరం ఇంకోటి ఉండదు.

---

తీరిక_వంట

ఇన్ని సంగతులు ఉంటాయని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఆకు ఆరబెట్టి చూశాను. కొన్న మయోనైజ్‌తోనే, పాలు మానేసి కలిపాను. తేడా కళ్లకి కట్టినట్టు తెలిసింది. ముక్క మీదే కూర్చుంది!

ఆ ఊపులో మయోనైజ్ కూడా ఇంట్లోనే చేద్దామని ఇప్పుడు గుడ్డు పచ్చసొన, మస్టర్డ్ గిలక్కొట్టి నూనె పోస్తున్నాను. సగం నూనె దాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి విరిగిపోయి నూనె వేరుగా, పలుకులు వేరుగా అయిపోయింది. పారేయాలా? అర్జెంటు, గిన్నె ముందు పెట్టుకుని టైప్ చేస్తున్నాను.

---

చల్లని_వంటిల్లు

పారేయకండి. దాంట్లో ఇంకేమీ పోయకండి, గిలక్కొట్టడం ఆపేయండి.

వేరే శుభ్రమైన గిన్నె తీసుకోండి. అందులో కొత్త పచ్చసొన ఒకటి వేయండి. లేకపోతే ఒక టీస్పూన్ మస్టర్డ్, ఒక టీస్పూన్ గోరువెచ్చని నీళ్లు. దాన్ని గిలక్కొడుతూ, విరిగినదాన్ని టీస్పూన్‌తో కొంచెం కొంచెంగా వేయండి. మొదటి నాలుగైదు స్పూన్లు బాగా కలిసి, నునుపుగా అయ్యేదాకా తర్వాతి స్పూన్ వేయొద్దు. పట్టు దొరికాక సన్నటి ధారగా పోసేయొచ్చు. విరిగినదాంట్లో పచ్చసొన వేయకూడదు, పచ్చసొనలో విరిగినది వేయాలి. ఈ వరస తప్పితే రెండో పచ్చసొన కూడా దండగే.

విరగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. కాసిని నీళ్లలో నూనెని కంటికి కనపడనంత చిన్న బొట్లుగా పగలగొట్టి నిలపడమే మయోనైజ్. ఆ బొట్లు మళ్లీ ఒకటవకుండా పచ్చసొనలోని లెసిథిన్ వాటి చుట్టూ కాపలా కాస్తుంది. నూనె గబగబా పోస్తే, బొట్లు పగిలేలోపే కొత్త నూనె వచ్చి పడుతుంది. లేదంటే మరీ చిక్కబడి, బొట్ల మధ్య ఉండాల్సిన నీళ్లు చాలకపోయినా విరుగుతుంది. సగం దాకా బాగుండి విరిగిందంటున్నారంటే మీది ఈ రెండోదేమో. గట్టిపడుతున్నట్టు అనిపించగానే ఒక టీస్పూన్ నీళ్లో నిమ్మరసమో పోయాలి. చూడటానికి పల్చబరుస్తున్నట్టు ఉంటుంది గానీ నిలబెట్టేది అదే.

గుడ్డు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వాడితే కూడా మొండికేస్తుంది. అరగంట బయట ఉంచండి.

---

లేబుల్_చదివేవాడు

మయోనైజ్ నిలబడిందా లేదా అన్నది సరే, పచ్చి గుడ్డుతో చేసింది ఆ గర్భిణికి మాత్రం పెట్టకండి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం. చేయాలనే ఉంటే పాశ్చరైజ్ చేసిన గుడ్లు వాడండి. కొన్న మయోనైజ్ సాధారణంగా అలాంటి గుడ్లతోనే చేస్తారు, ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

బ్లూ చీజ్ కూడా ఆవిడకి ఆలోచించి పెట్టాలి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, అందులోనూ మెత్తగా, తేమగా ఉన్న చీజ్‌లలో. గర్భంలో ఉన్న బిడ్డకి అది ప్రమాదం. గోర్గోంజోలా, రోక్‌ఫోర్ట్ లాంటి మెత్తటి బ్లూ చీజ్‌లని వండకుండా తినొద్దని బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్ఎస్ గర్భిణులకి చెబుతుంది. స్టిల్టన్ లాంటి గట్టి రకం తినొచ్చంటుంది. కానీ విందులో కూర్చోబెట్టి ఇదంతా ఆవిడకి వివరించడం కన్నా, బ్లూ చీజ్ లేని డ్రెసింగ్ ఆవిడ ముందు పెట్టడం సుఖం కదా.

ముందుగా చేసి పెట్టుకోవడం గురించి అడిగారు. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. బయట రెండు గంటలు దాటి ఉంచొద్దు. ఎవరైనా పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి బయట గట్టు మీద నిలవ పెట్టుకోమంటే వినకండి. నూనెలో గాలి ఆడదు, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకి కావాల్సింది అదే. వాసనలో, రుచిలో ఏమీ తెలియదు.

---

రాంచ్_పార్టీ

ముగ్గురు అతిథులకీ ఒకే మందు నా దగ్గర ఉంది. గుడ్డు లేని రాంచ్ డ్రెసింగ్.

బ్లూ చీజ్ ఉండదు, వాసన పడనాయన హాయిగా తింటారు. పచ్చి గుడ్డు ఉండదు, పాలూ క్రీమూ అన్నీ పాశ్చరైజ్ చేసినవే తెచ్చుకుంటే గర్భిణికీ ఇబ్బంది లేదు. ఆంకోవీ, రెన్నెట్ గొడవ అసలే లేదు. మీరు చేస్తానన్న రెండో రకం ఇదే చేయండి.

పైన పచ్చసొన_వద్దు గారు చెప్పిన పాల మయోనైజ్ ముప్పావు కప్పు, సోర్ క్రీమ్ అర కప్పు, బటర్‌మిల్క్ పావు కప్పు. ఎండబెట్టిన పార్స్లీ ఒక టీస్పూన్, డిల్ అర టీస్పూన్, ఉల్లిపొడి అర టీస్పూన్, వెల్లుల్లిపొడి అర టీస్పూన్, మిరియాలు, ఉప్పు. చైవ్స్ (సన్నటి ఉల్లికాడల్లాంటి ఆకు) దొరికితే సన్నగా తరిగి గుప్పెడు. బాగా కడిగి, పూర్తిగా ఆరాకే తరగండి.

రాంచ్‌కి ఎండు ఆకులే ఎందుకంటే, దాని అసలు రుచే అది. స్టీవ్ హెన్సన్ అనే ప్లంబింగ్ కాంట్రాక్టరు దీన్ని తయారుచేశాడు. తర్వాత కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర హిడెన్ వ్యాలీ అనే రాంచ్ (అతిథులొచ్చి ఉండే పల్లెటూరి విడిది) నడుపుతూ 1950ల్లో అక్కడికొచ్చేవాళ్లకి వడ్డించాడు. జనం ఇంటికి పట్టుకెళ్తామని అడగడంతో పొడి పొట్లాలు కట్టి పోస్టులో అమ్మాడు. బటర్‌మిల్కూ మయోనైజూ ఎవరింట్లో వాళ్లు కలుపుకునేవారు. 1972లో ఆ బ్రాండుని క్లోరాక్స్ కంపెనీ 80 లక్షల డాలర్లకి కొంది. బట్టల బ్లీచ్ అమ్మే కంపెనీ సలాడ్ డ్రెసింగ్ అమ్మడం ఏంటని నాకెప్పుడూ నవ్వొస్తుంది.

ఎండు ఆకులు నాని మెత్తబడటానికి టైమ్ పడుతుంది. రాత్రి కలిపి పెడితే మర్నాటికి బాగుంటుంది. కలిపిన వెంటనే రుచి చూసి, పసలేదని ఇంకా పొడులు వేయకండి. తెల్లారేసరికి ఉల్లి వెల్లుల్లి తప్ప ఇంకేం తెలియదు.

---

ఏదీ_వదలను

రాంచ్ మాట వచ్చింది కాబట్టి, పచ్చి ఆకులు ఇష్టపడేవాళ్లకి గ్రీన్ గాడెస్ అనే డ్రెసింగ్ కూడా ఉంది. 1923లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్యాలెస్ హోటల్లో పుట్టింది. పార్స్లీ, చైవ్స్, టారగాన్, మయోనైజ్, ఆంకోవీ. వెడ్జ్ మీద పచ్చగా భలే ఉంటుంది. కాకపోతే మర్నాటికి రంగు మాడిపోతుంది, ఏ పూటకా పూటే చేసుకోవాలి. మీ శనివారానికి పనికిరాదు, ఊరికే చెప్పాను.

---

తీరిక_వంట

మయోనైజ్ నిలబడింది! కొత్త పచ్చసొనలో స్పూన్ స్పూన్‌గా వేస్తూ పోతే, నాలుగో స్పూన్ దగ్గర ఒక్కసారిగా మెరుపు వచ్చింది. మా ఆయన పొయ్యి వదిలేసి వచ్చి చూశారు. అది మాకు, ఇంట్లోకి. శనివారానికి కొన్నదే వాడతాను.

ప్లాన్ ఇది. శుక్రవారం రాత్రి రెండు డ్రెసింగులూ కలిపేస్తాను. స్టిల్టన్‌తో బ్లూ చీజ్ డ్రెసింగ్ ఐదుగురికి సరిపడా, మిగతాది పాల మయోనైజ్‌తో రాంచ్. శనివారం మధ్యాహ్నం ఆకు కోసి ఫ్రిజ్‌లోకి. చివరి ప్రశ్న: వడ్డించే ముందు ఏది ఎప్పుడు వేయాలి? బేకన్ ముందే వేయించి పెట్టుకోవచ్చా?

---

చల్లని_వంటిల్లు

రాంచ్ ఒకరిద్దరికి ఎక్కువే చేయండి. బ్లూ చీజ్ తినేవాళ్లు కూడా పక్కవాళ్ల ప్లేటు చూసి అడుగుతారు.

చీజ్ చిదిపిన రెండో సగాన్ని మాత్రం శుక్రవారం కలపకండి, శనివారం సాయంత్రం కలపండి. రాత్రంతా నానితే అంచులు కరిగిపోయి ముక్కలు కనబడవు.

బేకన్‌ని చల్లటి పెనం మీద వేసి సన్నసెగ మీద మొదలెట్టండి, కొవ్వు నిదానంగా కరిగి కరకరలాడుతుంది. మధ్యాహ్నమే వేయించి పేపర్ మీద ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించే ముందు రెండు నిమిషాలు మళ్లీ పెనం ఎక్కించండి. వేడి వేడిగా ఆకు మీద వేయకండి, గోరువెచ్చగా ఉంటే చాలు. మాంసం తిననివాళ్లకి దాని బదులు బ్రెడ్ పొడిని కాస్త వెన్నలో, స్మోక్డ్ పాప్రికాతో ఎర్రగా వేయించి చల్లండి. ఆ కరకర, ఆ పొగ వాసన రెండూ వస్తాయి. దాన్ని విడిగా, బేకన్ తగలని పెనంలో చేయండి.

ప్లేట్లు అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. అందరూ కూర్చున్నాకే డ్రెసింగ్ వేయాలి. ఉప్పు తగలగానే ఆకు నీళ్లు వదలడం మొదలెడుతుంది, పావుగంట ముందు వేశారా, మళ్లీ మొదటి మడుగే. ముక్కని వీపు మీద పడుకోబెట్టి, కోసిన ముఖాలు పైకి ఉండేలా చూసుకుని, ముందు ఒక స్పూన్ డ్రెసింగ్‌ని పొరల సందుల్లోకి నొక్కండి. దీన్ని ఎవరూ చేయరు, లోపలి ఆకు చప్పగా ఉందని మాత్రం అందరూ అంటారు. ఆ తర్వాత రెండు మూడు స్పూన్లు పైన. టమాటాలు పెడితే సగానికి కోసి, ఉప్పు రాసి, ఊరిన రసం వంపేసి పెట్టండి. బేకన్, చైవ్స్, మిరియాలు ఆఖర్న.

ఫోర్కులతో పాటు కత్తులు కూడా పెట్టడం మర్చిపోకండి.